రెన్వార్ సినిమాకు బంగాళాదుంపల సలాడ్: ఇంట్లో పాత ఫ్రెంచి సినిమా, దానికి తగిన ఇంటి వంట

ఫ్రెంచి సినిమా చూస్తూ ఏం తింటే బాగుంటుందని ఎవరినైనా అడగండి. రెడ్ వైన్, చీజ్, పొడవాటి బగెత్ రొట్టె అంటారు. ఏ సినిమాకైనా చెప్పగలిగే జవాబు కాబట్టి ఏ సినిమాకూ ప్రత్యేకంగా అతకదు. నా పద్ధతి వేరు. వంటకం ఆ సినిమాలోంచే రావాలి. పాత్రలు దాన్ని తినాలి, లేదా దాని గురించి మాట్లాడుకోవాలి, లేదా అది లేక అల్లాడిపోవాలి. నా వంటింట్లో, మామూలు పొయ్యి మీద చేయగలిగినదై ఉండాలి. ఈ షరతులకు నిలిచే పాత సినిమాలు తక్కువే. వండి, తిని, చూసి నాకు నచ్చినవాటి గురించి రాస్తున్నాను. నచ్చనివాటి గురించి కూడా.

నేను ఉండేది ఫ్రాన్సులోని లియోన్ నగరంలో. సినిమాకు ఇది పుట్టిల్లు. మోంప్లెజిర్ పేటలో లూమియేర్ సోదరుల కర్మాగారం ఉన్నచోట ఇప్పుడు లూమియేర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఆ వీధికి 'మొదటి సినిమా వీధి' అనే పేరు పెట్టారు. కర్మాగారం గేటులోంచి కార్మికులు బయటికి వస్తున్న 1895 నాటి దృశ్యం చాలామందికి తెలుసు. అదే ఏడాది తీసిన 'బిడ్డ భోజనం' అంతగా తెలియదు. నిమిషం కూడా ఉండదు. ఓగుస్త్ లూమియేర్, ఆయన భార్య మార్గరీత్ ఆరుబయట బల్ల దగ్గర కూర్చుని, పసిబిడ్డ ఆంద్రేకు చెంచాతో తినిపిస్తుంటారు. 1895 డిసెంబరు 28న పారిస్‌లో టికెట్టు పెట్టి వేసిన తొలి ప్రదర్శనలో అది కూడా ఉంది. తెర మీద తిండి సినిమాతో పాటే పుట్టిందన్నమాట. నా శనివారం రాత్రులు ఎప్పుడూ ఈ చిన్న ముక్కతోనే మొదలవుతాయి. ఆ బిడ్డ తినేసరికి మా వాళ్లు కంచాలతో వచ్చి కూర్చుంటారు.

ఇక అసలు విషయం. నా లెక్కలో అన్నిటికన్నా పైన ఉండేది జాన్ రెన్వార్ 1939లో తీసిన 'లా రెగ్ల్ డ్యు జు', అంటే 'ఆట నియమం'. దానికి జోడీ బంగాళాదుంపల సలాడ్. ఎందుకో చెబుతాను.

సొలోన్ ప్రాంతంలోని తన కోటకు మార్కీ దొర లా షెనే అతిథులను వేటకు పిలుస్తాడు. పైఅంతస్తులో దొరలు, దొరసానులు, వాళ్ల ప్రేమలు, అబద్ధాలు. కింద వంటింటి బల్ల చుట్టూ నౌకర్లు. ఒక పూట నౌకర్ల భోజనంలో దొర పుట్టుక గురించి మాట వస్తుంది. ఆయన తల్లివైపు తాత ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చిన రోజెంతాల్ అని ఒకరు ఎత్తిపొడుస్తారు. యూదుడని చెప్పకుండా చెప్పడం అది. అప్పుడు పెద్ద వంటవాడు కలగజేసుకుంటాడు. ఎత్తిపొడుపును ఖండించడు. వాదించడు. సలాడ్ సంగతి చెబుతాడు. మొన్న దొర తనను పిలిపించి బంగాళాదుంపల సలాడ్ బాగాలేదని చీవాట్లు పెట్టాడట. ఆ సలాడ్ తినేలా ఉండాలంటే దుంపలు పొగలు కక్కుతున్నప్పుడే వాటి మీద వైట్ వైన్ పోయాలి. సెలెస్తాన్ అనే కుర్రవాడు వేళ్లు కాలతాయని ఆ పని చేయలేదు. దొర నోట్లో పెట్టుకోకముందే వాసనతో కనిపెట్టేశాడట. మీరేమైనా అనుకోండి, మనిషంటే ఆయనే అన్నట్టు ముగిస్తాడు వంటవాడు.

ఈ దృశ్యం నిడివి చాలా తక్కువ. కానీ సినిమా మొత్తం ఇందులో ఉందని నా నమ్మకం. దొరల లోకంలో నిజాయితీ కన్నా తీరుకే విలువ. ఆ విలువను కాపాడేది దొరలు కాదు, వాళ్ల నౌకర్లు. పుట్టుకను బట్టి మనిషిని తూచే మాట, రుచిని బట్టి తూచే మాట ఒకే బల్ల మీద పక్కపక్కన ఉంటాయి. లా షెనేగా నటించిన మార్సెల్ దాలియో నిజజీవితంలో యూదుడు. 1937లో ఇదే రెన్వార్ తీసిన 'లా గ్రాంద్ ఇల్యూజియోన్'లో ఆయన పాత్ర పేరు రోజెంతాలే. 1940లో ఆయన దేశం వదిలి పారిపోవలసి వచ్చింది. జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్సులో ఆయన ముఖాన్నే యూదుల ముఖానికి నమూనా అని గోడల మీద అంటించారు. ఇది తెలిశాక ఆ వంటింటి మాటలు మరోసారి వినండి. నోట్లో ముద్ద దిగడం కష్టమవుతుంది. అయినా నేను ఆ సలాడే వండుతాను. ఆ దృశ్యంలో దొర పక్షాన మాట్లాడినది అదొక్కటే కదా.

వండే విధానం వంటవాడే చెప్పేశాడు, మిగతాది సులువు. కిలో దుంపలు తీసుకోండి. ఉడికినా విడిపోని గట్టిరకం కావాలి. ఇక్కడ షార్లోత్ అనే రకం దొరుకుతుంది. మన ఊళ్లలోనైతే చిన్న సైజు కొత్త దుంపలు చూసుకోండి, పెద్దవి పిండిపిండిగా చితికిపోతాయి. తొక్కతోనే, ఉప్పు వేసిన చన్నీళ్లలో పెట్టి పొయ్యి వెలిగించండి. కాగిన నీళ్లలో వేస్తే పైన మెత్తబడి లోపల పచ్చిగా ఉంటాయి. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలకు చాకు సులువుగా దిగుతుంది. వెంటనే నీళ్లు వంచేసి, గుడ్డతో పట్టుకుని తొక్క తీసి, బిళ్లలుగా కోసి, వెడల్పాటి పళ్లెంలో పరిచి, పొగలు వస్తుండగానే చిన్న గ్లాసు వైట్ వైన్, అంటే వంద మిల్లీలీటర్లు, అంతటా పోయండి. నేను మాకోన్ వైపు వైన్ వాడతాను. మరీ తియ్యనిది కాకపోతే చాలు. వేడి దుంప దాన్ని పీల్చేస్తుంది. చల్లారితే దుంపలోని పిండి బిగుసుకుంటుంది, పోసినదంతా పళ్లెం అడుగున నిలిచిపోతుంది. ఆ తర్వాత చెంచా ఆవముద్ద, రెండు చెంచాల వెనిగర్, ఆరు చెంచాల నూనె, ఉప్పు, మిరియాల పొడి గిలక్కొట్టి కలపండి. సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయలు, పార్స్‌లీ ఆకు చల్లండి. ఫ్రిజ్‌లో పెట్టకండి. గోరువెచ్చగా తినాలి.

మా ఇంట్లో వేసవికి అత్తగారు తెనాలి నుంచి వస్తారు. ఆవిడ శాకాహారి. వైన్ మాట ఎత్తకూడదు. ఆవిడ పళ్లెంలో వైన్‌కు బదులు మరిగే కూరగాయల రసంలో చెంచా వెనిగర్ కలిపి పోస్తాను. రుచి వేరు, కానీ మంచి రుచే. ఇలాంటి ఏర్పాటుకు ఆ వంటవాడి ఆమోదం కూడా ఉంది. అదే సన్నివేశంలో ఒక అతిథి సముద్రపు ఉప్పు తప్ప ముట్టదని కబురు వస్తే, ఆమె అందరిలాగే తింటుందని చెప్పేస్తాడు. పథ్యాలైతే ఒప్పుకుంటాడట, వెర్రి పట్టింపులు మాత్రం ఒప్పుకోడట. మా అత్తగారికి ఆ మాట బాగా నచ్చింది. పథ్యానికీ పట్టింపుకూ తేడా తెలిసినవాడే వంటవాడు అన్నారు.

ఒక్క జాగ్రత్త. సలాడ్ ఆ వంటింటి దృశ్యానికి ముందే తినేసి పళ్లేలు తీసేయండి. తర్వాత వచ్చేది వేట. కుందేళ్లు, పక్షులు నిజంగానే చచ్చిపడతాయి. ఒక కుందేలు చివరిసారి కాళ్లు ముడుచుకునే షాట్ ఉంది. ఆ సమయంలో ఎవరి చేతిలోనూ ఫోర్కు ఉండకూడదు. ఫ్రెంచి వాళ్ల ఇళ్లలో కుందేలు కూర మామూలే కాబట్టి అదే వండుదామని మా ఆయన ఒకసారి సూచించారు. నేను గట్టిగా వద్దన్నాను. ఇప్పటికీ అదే అంటాను.

ఈ సినిమా మనదాకా వచ్చిన కథ కూడా తెలిసి చూస్తే మంచిది. 1939 జులైలో విడుదలైనప్పుడు ప్రేక్షకులు నచ్చక నిరసనగా ఈలలు వేశారు. రెన్వార్ కోతలు పెట్టినా నిలవలేదు. ఆ ఏడాదే ప్రభుత్వం నిషేధించింది. యుద్ధకాలంలో బాంబుదాడికి అసలు నెగెటివ్ నాశనమైంది. దొరికిన ముక్కలన్నీ ఏరి, రెన్వార్ సలహాతో తిరిగి కూర్చి 1959లో వెనిస్‌లో చూపించారు. ఇప్పుడు మనం చూస్తున్న గంటా నలభై ఆరు నిమిషాల రూపం అదే.

రెండోది మార్సెల్ పాన్యోల్ 1938లో తీసిన 'లా ఫామ్ డ్యు బూలాంజే', అంటే 'రొట్టెలవాడి భార్య'. దీనికి ఇంట్లో కాల్చిన రొట్టె తప్ప మరేదీ పెట్టకూడదు. ప్రొవాన్స్‌లో ఒక కుగ్రామం. కొత్తగా వచ్చిన రొట్టెలవాడు ఏమాబ్ల్. ఆయన రొట్టె ఊరందరికీ నచ్చుతుంది. ఇంతలో అందమైన భార్య ఓరేలి ఒక గొర్రెల కాపరితో వెళ్లిపోతుంది. ఆయన పొయ్యి రాజేయడం మానేస్తాడు. ఊళ్లో రొట్టె లేదు. తరతరాల పగలతో పలకరించుకోని జనం, దేవుణ్ణి నమ్మే ఫాదిరీ, నమ్మని బడిపంతులు, ఆమెను వెనక్కి తేవడం కోసం ఏకమవుతారు. చిత్తడినేల దాటడానికి పంతులు ఫాదిరీని భుజాన ఎక్కించుకుంటాడు. తిండి లేకపోతే ఊరు ఎలా కదులుతుందో ఇంత మంచిగా చూపిన సినిమా నేను ఇంకోటి చూడలేదు.

ఏమాబ్ల్‌గా రైమ్యు నటించాడు. ఆయన నటన గురించి నేను మెచ్చుకోలుగా ఎన్ని రాసినా తక్కువే, అందుకే ఒక్క దృశ్యం చెబుతాను. భార్య తిరిగి వస్తుంది. ఆయన ఆమెను ఒక్క మాట అనడు. అదే సమయానికి కొన్నాళ్లుగా కనిపించని ఆడపిల్లి పోంపొనెత్ కూడా తిరిగి వస్తుంది. అప్పుడు ఆ పిల్లిని పట్టుకుని తిడతాడు. ఎక్కడికి పోయావు, నీకోసం ఆ మగపిల్లి ఎంత ఏడ్చిందో తెలుసా, వెన్నెల్లో ఊసులు చెప్పేవాడు దొరికితే సరిపోతుందా అని. మా అత్తగారికి ఫ్రెంచి రాదు. ప్రొవాన్స్ యాస నాకే సగం అందదు. ఆవిడ ఏ సబ్‌టైటిలూ లేకుండా చూసి, "అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, పెళ్లాం మీది కోపం పిల్లి మీద తీర్చుకుంటున్నాడు. కానీ ఎంత ప్రేమగా తిడుతున్నాడో!" అన్నారు. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. పిల్లి మళ్లీ వెళ్లిపోతుందా అని ఆయన అడిగితే, ఇక వెళ్లదు అని జవాబిచ్చేది భార్య. అక్కడ మా ఆయన కూడా కళ్లు తుడుచుకున్నారు.

రొట్టెకు ముందురోజు రాత్రే పిండి కలపాలి. అర కిలో రొట్టెపిండి, 350 గ్రాముల నీళ్లు, పది గ్రాముల ఉప్పు, చిటికెడు ఈస్ట్. ఇక్కడ టి65 అనే రకం పిండి వాడతాను. మైదా, గోధుమపిండి సగంసగం కలిపినా రొట్టె వస్తుంది, కాస్త బరువుగా ఉంటుంది. కలిపి, గంటసేపు బయట ఉంచి, నాలుగువైపుల నుంచి మడతలు పెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. మర్నాడు గుండ్రంగా చుట్టి మరికాసేపు పొంగనివ్వండి. ఓవెన్‌లో మూతతో సహా పోతఇనుము గిన్నెను 250 డిగ్రీల దాకా కాచండి. పిండి అందులో వేసి, మూతపెట్టి అరగంట, మూత తీసి మరో పావుగంట. మూత ఉంటే పిండిలోంచి వచ్చే ఆవిరి లోపలే ఉండి పైపొర త్వరగా గట్టిపడదు, రొట్టె బాగా పొంగుతుంది.

వేళ చూసుకోవడమే ఇందులో కీలకం. సినిమా మొదలయ్యేటప్పటికి రొట్టె ఓవెన్‌లోంచి బయటకు రావాలి. ఇల్లంతా ఆ వాసన. కానీ కోయకూడదు. ఎలాగూ వేడి రొట్టె కోస్తే లోపల జిగటగా ఉంటుంది, గంటైనా ఆరాలి. సినిమా రెండు గంటలు దాటుతుంది. ఊళ్లోవాళ్లతో పాటు మీరూ రొట్టె కోసం కాచుకుంటారు. ఆకలి ఆగకపోతే నడుమ సూప్ ఓ పిస్తూ తాగండి. అది ప్రొవాన్స్ వంటకమే, పూర్తి శాకాహారం: తెల్ల చిక్కుడు గింజలు, బీన్స్, జుకినీ, టమాటా ఉడికించి, దించాక వెల్లుల్లి, తులసిని పోలిన బేసిల్ ఆకు, ఆలివ్ నూనె రోట్లో నూరి కలుపుతారు. ఓరేలి తిరిగి వచ్చి పొయ్యి మళ్లీ వెలిగినప్పుడు రొట్టె కోయండి. మేకపాల చీజ్, ఆలివ్ కాయలు పక్కన ఉంటే చాలు. ఆ మొదటి ముక్క రుచి మామూలు రోజుల్లో రాదు.

పనిదినాల రాత్రికి జాక్ బెకర్ 1954లో తీసిన 'టుషే పా ఓ గ్రిజ్బి' ఉంది. వంట పని దాదాపు లేదు. ఓర్లీ విమానాశ్రయంలో బంగారం కొట్టేసిన ఇద్దరు నడివయసు దొంగలు, మాక్స్, రితోన్. ప్రాణాపాయం దగ్గరపడుతున్న రాత్రి మాక్స్ తన మిత్రుణ్ణి రహస్యంగా పెట్టుకున్న ఫ్లాటుకు తీసుకువెళ్తాడు. అక్కడ తుపాకులు బయటికి రావు. అల్మారాలోంచి బిస్కోత్‌లు, మాంసపు పాతే, అంటే రొట్టె మీద రాసుకునే మాంసపు ముద్ద, వైట్ వైన్ వస్తాయి. బిస్కోత్ అంటే రెండుసార్లు కాల్చిన పెళుసు రొట్టె, మన రస్కులకు దగ్గర, తీపి తక్కువ. ఇద్దరూ పాతే రాసుకుని తింటారు. తర్వాత మాక్స్ పైజామా ఇస్తాడు, పళ్లు తోముకుంటారు, పడుకుంటారు. దొంగల సినిమాలో ఇంత తీరికగా సాగే భోజనం చూసి మొదట ఆశ్చర్యపోయాను. ఇప్పుడు ఆ దృశ్యం కోసమే చూస్తున్నాను. మాక్స్‌గా చేసింది జాన్ గాబెన్. యుద్ధం తర్వాత వెనకబడిన ఆయన మళ్లీ నిలదొక్కుకున్నది ఈ సినిమాతోనే. అలసట, స్నేహం, వయసు మీదపడుతోందన్న స్పృహ అన్నీ ఆయన రొట్టె మీద పాతే రాసే తీరులో కనిపిస్తాయి.

పాతే కొట్టులో కొనుక్కోవచ్చు, తప్పేమీ లేదు, మాక్స్ కూడా వండలేదు. అత్తగారి కోసం నేను ల్యు పుయి ఆకుపచ్చ లెంటిల్స్‌తో చేస్తాను. ఇవి లియోన్‌కు నైరుతిన, ఓత్ లువార్ జిల్లాలో పండే పప్పు. ఉడికినా చిదిమిపోదు. మెత్తగా ఉడికించి, వెన్నలో ఎర్రగా వేయించిన ఉల్లిపాయ, గుప్పెడు అక్రోటు పప్పులు, థైమ్ ఆకు, మిరియాలు వేసి రుబ్బాలి. ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంటే గట్టిపడి బిస్కోత్ మీద నిలుస్తుంది. పక్కన ఊరవేసిన చిన్న దోసకాయలు. ఈ జోడీకి నేను పూర్తి మార్కులు వేస్తాను.

తెర గురించి కొంచెం చెప్పాలి. వంట ఎంత కుదిరినా బొమ్మ కుదరకపోతే దండగ. పైన చెప్పిన మూడు సినిమాలూ దాదాపు చతురస్రాకారంలో తీసినవి, వెడల్పు ఎత్తుకు ఒకటిన్నర రెట్లు కూడా ఉండదు. ఇప్పటి టీవీలు అంతకన్నా చాలా వెడల్పు. అందుకే రెండు పక్కలా నల్లపట్టీలు వస్తాయి. రావాలి. అవి బాగాలేవని జూమ్ నొక్కేవాళ్లను నేను చాలా ఇళ్లలో చూశాను. అలా చేస్తే తలలు తెగిపోతాయి, సాగదీస్తే మనుషులు లావవుతారు. రెన్వార్ సినిమాలో ముందు ఒకరు మాట్లాడుతుంటే వెనక తలుపు దగ్గర ఇంకో కథ నడుస్తుంది. అంచులు కోస్తే ఆ రెండో కథ పోతుంది. టీవీ సెట్టింగుల్లో అసలు కొలత ఉంచండి, కదలికలను నునుపు చేసే సదుపాయం ఆపేయండి.

ఎక్కడ చూడాలంటే, నాకు డిస్కు మీదే గురి. నెలవారీ చందా కట్టే ఒక ఆన్‌లైన్ సేవలో పాన్యోల్ సినిమా చూస్తుండగా, భార్యాభర్తల చివరి దృశ్యం పూర్తిగా ముగియకముందే బొమ్మ చిన్నదైపోయి మరో సినిమా ప్రకటన ఎగబడింది. రొట్టె కోస్తున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఇప్పటికీ దాన్ని క్షమించలేదు. పైగా అక్కడ ఉన్న సినిమా వచ్చే నెల ఉంటుందన్న నమ్మకం లేదు, మనం రొట్టెకు పిండి కలిపేది ముందురోజు. డిస్కు అరలో ఉంటుంది. ఊళ్లోని ప్రజా గ్రంథాలయంలో అరువు కూడా దొరుకుతుంది. ఫ్రాన్సులో అమ్మే పాత సినిమాల డిస్కుల్లో చాలావాటికి వినికిడి లోపం ఉన్నవారి కోసం వేసిన ఫ్రెంచి అక్షరాలు మాత్రమే ఉంటాయి, ఇంగ్లిషు ఉండదు. కొనేముందు అట్ట వెనక చూసుకోండి. భారతదేశంలోనో అమెరికాలోనో ఉండేవాళ్లు ఆ డిస్కు తమ ప్లేయర్ ప్రాంతానికి పనిచేస్తుందో లేదో కూడా చూడాలి.

జనవరి వస్తే జాక్ దెమీ 1964లో తీసిన 'లే పారాప్లూయి ద షెర్బూర్', అంటే 'షెర్బూర్ గొడుగులు'. ప్రతి మాటా పాటే, సంగీతం మిషెల్ లెగ్రాన్‌ది, కాన్ (కేన్స్) చిత్రోత్సవంలో ఆ ఏడాది అత్యున్నత బహుమతి దీనికే. దీనికి గలెత్ దే రువా, అంటే రాజుల పండుగ రొట్టె. జనవరి 6 పండుగకు ఇక్కడ ప్రతి బేకరీలోనూ ఉంటుంది. లోపల ఒక చిన్న బొమ్మ దాస్తారు, అది ఎవరి ముక్కలో వస్తే వాళ్లకు కాగితపు కిరీటం. సినిమాలో ఆ బొమ్మ జెనెవియేవ్‌కు వస్తుంది. ఆమె ప్రేమించిన గీ అల్జీరియా యుద్ధంలో ఉన్నాడు, ఆమె గర్భవతి, తల్లి భోజనానికి పిలిచిన వజ్రాల వ్యాపారి రోలాన్ ఎదురుగా కూర్చున్నాడు. రాణి రాజును ఎంచుకోవాలి. ఆ బల్ల దగ్గర ఉన్న మగవాడు ఒక్కడే. కిరీటం తల మీద పెట్టుకుని, జెనెవియేవ్‌గా నటించిన కాత్రిన్ దెన్యూవ్ చూసే చూపు చూశాక, మీ ముక్కలో బొమ్మ వచ్చినా నవ్వు రాదు.

దుకాణంలో దొరికే రెండు పఫ్ పేస్ట్రీ బిళ్లలు చాలు. 125 గ్రాముల బాదం పొడి, వంద గ్రాముల చక్కెర, 80 గ్రాముల మెత్తటి వెన్న, రెండు గుడ్లు కలిపి ఒక బిళ్ల మీద అంచు వదిలి పరవండి. బొమ్మకు బదులు ఒక గట్టి బాదంగింజ పెట్టవచ్చు. అంచు తడిచేసి రెండోది మూసి, గుడ్డుసొన రాసి, మధ్యలో చిన్న రంధ్రం పొడిచి, 200 డిగ్రీల్లో అరగంట. అలవాటు ప్రకారం ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్లు బల్ల కిందికి దూరి, ఏ ముక్క ఎవరికో చెప్పాలి. ఆ దృశ్యం వచ్చేముందు సినిమా ఆపి పంచుకోండి. తర్వాత పంచుకుంటే ఇంట్లో పెళ్లికాని పిల్లలు ఉన్నచోట కొంచెం ఇబ్బందిగా ఉంటుంది.

ఏమీ తినకూడని సినిమాలు కూడా ఉన్నాయి. క్లోద్ షాబ్రోల్ 1970లో తీసిన 'లె బూషే' గొప్ప సినిమా. పెళ్లి విందుతో మొదలవుతుంది, కసాయి పంతులమ్మకు గొర్రె తొడను పూలగుత్తిలా చుట్టి తెచ్చి ఇస్తాడు. ఇంకేం, మాంసం వండుదామనిపిస్తుంది. వద్దు. విహారానికి వెళ్లిన బడిపిల్ల చేతిలోని రొట్టె మీద పైనుంచి నెత్తురు చుక్క పడుతుంది. మంచినీళ్లు చాలు. రొబేర్ బ్రెసోన్ 1956లో తీసిన జైలు నుంచి తప్పించుకునే ఖైదీ సినిమా కూడా అంతే. అతడు ఇనుప చెంచాను అరగదీసి ఉలిగా చేసుకుని తలుపు చెక్కలు ఊడదీస్తాడు. ఆ కథ జరిగిన మోంలుక్ జైలు మా ఊళ్లోనే ఉంది, ఇప్పుడు స్మారకం. చెంచా మోగే చప్పుడు కూడా ఇంట్లో వినిపించకూడదు ఆ సినిమాకు.

పిల్లలున్న ఇళ్లకు మాత్రం దెమీదే 'పో దాన్', 1970. గాడిదతోలు కప్పుకుని దాక్కున్న రాజకుమారి కథ. అందులో దెన్యూవ్ కేకు చేస్తూ ఆ విధానమంతా పాడుతుంది. బంగారు దుస్తుల్లోని తాను చదువుతుంటే, తోలు కప్పుకున్న తాను కలుపుతుంది. నాలుగు దోసిళ్ల పిండి, నాలుగు గుడ్లు, గిన్నెడు పాలు, చక్కెర, వెన్న, తేనె, ఉప్పు, పొంగడానికి కాస్త ఈస్ట్. పాటలో చెప్పినన్ని పాలు పోస్తే అట్లపిండి అవుతుంది. పావుకిలో పిండికి వంద మిల్లీలీటర్ల పాలు, 150 గ్రాముల చక్కెర, 125 గ్రాముల వెన్న, ఈస్ట్‌కు బదులు బేకింగ్ పౌడర్ వేసి 180 డిగ్రీల్లో ముప్పావుగంట ఉంచితే చక్కగా వస్తుంది. మా అమ్మాయి పాట ఆపి ఆపి పెట్టుకుని కలుపుతుంది. రాజకుమారి పిండిలో ఉంగరం వేస్తుంది. గొంతులో ఇరుక్కునే వయసు పిల్లలుంటే అది వేయకండి, కోశాక పళ్లెం పక్కన పెట్టండి.